ఒంటికి పడని పాలు

మన భాషలో “పడదు” అనే మూడక్షరాల మాట ఒకటి ఉన్నది. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి చేప పడదు, మరొకరికి ఫలానా మందు పడదు. అంటే పదార్థంలో దోషం ఉన్నదని కాదు; తినే మనిషి బలహీనుడనీ కాదు. ఆ రెంటికీ పొత్తు కుదరలేదు, అంతే. ఇంత సున్నితమైన విషయాన్ని ఇంత క్లుప్తంగా చెప్పే మాట మన ఇండ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్నది. పాశ్చాత్య వైద్యులు ఇంచుమించు ఇదే భావానికి ఒక పేరు పెట్టుకొన్నది 1906లో మాత్రమే.

అయితే ఈ “పడదు” అనే తీర్పు ఎప్పుడు వెలువడుతుంది? తిన్న తరువాత. అంతకు ముందు చెప్పగలవారు లేరు. శరీరమే ముద్దాయి, శరీరమే సాక్షి, శరీరమే న్యాయమూర్తి. ఆ సాక్ష్యాన్ని శరీరం నుండి బయటకు తెచ్చి, తినక ముందే చెప్పించడానికి మనుష్యులు చేసిన ప్రయత్నానికి ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను పాల విషయంలో ఒకమారు నెమరువేసుకొందాము.

నంద్యాలకు చేరువలోని గోస్పాడు సీమలో పాలు పడకపోవడం అనే మాటే వింతగా తోచవచ్చు. అక్కడికి దగ్గరలోనే ఉన్న మహానంది క్షేత్రానికి చెప్పుకొనే స్థలపురాణంలో ఆవు పుట్ట మీద పాలు కురిపించిన కథయే ప్రధానం. పాలు, పెరుగు, నేయి లేని శుభకార్యం ఆ సీమలో లేదు. తెలుగునాట ఎక్కడా లేదు. పసిబిడ్డకు పాలే ప్రాణం, ముసలివారికి మజ్జిగే ఆధారం. అటువంటి చోట ఒక పెండ్లి విందు జరుగుతున్నదనుకొందాము. విస్తరిలో పాయసం ఉన్నది, కోవా ఉన్నది, పెరుగుపచ్చడి ఉన్నది. విస్తరి ముందు మూడేండ్ల బిడ్డ కూర్చున్నది. ఆ బిడ్డకు పాలు పడవని తల్లికి తెలుసును. పాయసం, కోవా, పెరుగు తీసివేయించినది. కాని పక్కనే ఉన్న బిస్కట్టులో పాలపొడి కలిసినదని ఆమెకు తెలియదు. బిడ్డ దానిని కొరికినది. కొద్ది నిమిషాలలో పెదవులు ఉబ్బినవి, ఒంటి మీద దద్దుర్లు లేచినవి, ఊపిరి అందడం కష్టమైనది. ఇటువంటి బిడ్డలు అరుదు. పసివారిలో నూటికి కొద్దిమందే. వారిలోనూ పెక్కుమందికి ఎదిగేకొద్దీ ఈ ఇబ్బంది తొలగిపోతుంది. కాని తొలగక ముందు ఒక్కొక్కప్పుడు అది ప్రాణాపాయం.

ఇక్కడ ఒక భేదం గుర్తించవలె. పాలు పడకపోవడం రెండు విధాలు. పాలలోని చక్కెర లాక్టోజు. దానిని జీర్ణింపజేసే శక్తి పెద్దవయసులో చాలామందికి తగ్గుతుంది. కడుపు ఉబ్బరం, విరేచనం కలుగుతవి. బాధే గాని ప్రాణభయం లేదు. రెండవది ఎలర్జీ. ఇది పాలలోని మాంసకృత్తుల వల్ల కలుగుతుంది. ఆవుపాల మాంసకృత్తులలో సుమారు 80 పాళ్లు కేసీను; పాలు విరిగినప్పుడు గడ్డకట్టేది అదే. మిగిలినవి తేటలో ఉండిపోతవి. వాటిలో ముఖ్యమైనది బీటా లాక్టోగ్లోబ్యులిన్. ఇది తల్లిపాలలో సహజంగా ఉండదు. ఆవుపాలకు బదులు మేకపాలు, గేదెపాలు పోస్తే సరిపోతుందని కొందరు అనుకొంటారు. అది పొరపాటు. ఈ జంతువుల పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి చాలా దగ్గరి చుట్టాలు. ఒకటి పడని బిడ్డకు తక్కినవి కూడా సాధారణంగా పడవు.

ఈ సంగతి ప్రాచీనులకు బొత్తిగా తెలియనిది కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేర వచ్చిన గ్రంథాలలో, జున్నుగడ్డ కొందరికి బలమిస్తే కొందరికి కీడు చేస్తుందనే పరిశీలన ఉన్నది. మన ఆయుర్వేదంలో సాత్మ్యం, అసాత్మ్యం అనే విభాగం ఉన్నది. ఒకరి దేహానికి హితమైనది మరొకరికి అహితం కావచ్చునని దాని సారం. కాని ఎందుకు అట్లా జరుగుతుందో వివరించడానికి సాధనాలు వారికి లేవు.

కారణం కోసం వెదకులాట 20వ శతాబ్ది ఆరంభంలో మొదలైనది. అదీ పాల వద్ద కాదు, సముద్రం మీద. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1901లో మొనాకో రాజు ఆల్బర్టుతో కలిసి ఓడలో వెళ్లి, కుట్టే సముద్రజీవుల విషాన్ని పరిశోధించినారు. తిరిగి వచ్చి కుక్కలకు అటువంటి విషాన్నే కొద్ది మోతాదులో ఇచ్చినారు. మొదటిమారు కుక్క తట్టుకొన్నది. కొన్ని వారాలకు మరల కొద్దిగా ఇస్తే, మరింత బాగా తట్టుకొనడానికి బదులు నిమిషాలలో కుప్పకూలినది. రక్షణకై ఏర్పడిన శక్తి భక్షణకు దిగినది. ఈ విపరీతానికి 1902లో వారు అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టినారు. రిషేకు 1913లో నోబెల్ బహుమానం వచ్చినది. 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, శరీరం పరాయి పదార్థం పట్ల చూపే ఈ మారిన ప్రవర్తనకు ఎలర్జీ అనే పదాన్ని సృష్టించినాడు. మన “పడదు”కు పాశ్చాత్య శాస్త్రంలో బారసాల జరిగినది ఆనాడే అనవచ్చును.

పేరు దొరికినది గాని దోషి దొరకలేదు. 1921లో జర్మనీలోని బ్రెస్లా నగరంలో ఇద్దరు వైద్యులు ఒక సాహసం చేసినారు. వారిలో క్యూస్ట్నరుకు ఉడికిన చేప పడదు. రెండవవాడు ప్రౌస్నిట్జ్. అతనికి చేప తింటే ఏ బాధా లేదు. క్యూస్ట్నరు రక్తపు తేటను ప్రౌస్నిట్జ్ తన చర్మంలోనికి ఎక్కించుకొన్నాడు. మరునాడు ఆ చోటనే చేప రసాన్ని ఎక్కించుకొన్నాడు. వెంటనే అక్కడ దద్దు లేచినది. అనగా “పడదు” అనే గుణం మనిషి రక్తంలో తిరిగే ఒక వస్తువన్న మాట; ఒకరి నుండి ఒకరికి మార్చగలిగినది. ఆ వస్తువు ఏదో తేలడానికి మరి 45 ఏండ్లు పట్టినది. 1966లో అమెరికాలోని డెన్వరులో ఇషిజాకా దంపతులు, 1967లో స్వీడన్ దేశపు ఉప్సాలాలో యోహాన్‌సన్, బెన్నిక్ అనే ఇరువురు వేరువేరుగా దానిని పట్టుకొన్నారు. అది ఒక ప్రతిరక్షకం. 1968లో దానికి ఐజీఈ అనే పేరు స్థిరపడినది. తన లక్ష్యమైన మాంసకృత్తును గుర్తుపట్టి దానినే పట్టుకొనడం ప్రతిరక్షకం స్వభావం. బిస్కట్టులోని పాలను ఆ బిడ్డ కన్ను చూడలేదు, నాలుక గుర్తించలేదు. రక్తంలోని ప్రతిరక్షకం గుర్తించినది.

ఈ లోపల పాలను పరీక్షించే విద్య వేరే దారిన నడుస్తున్నది. ఆ దారి మన పల్లెటూళ్లకు బాగా పరిచితమే. పాలలో నీళ్లు కలిసినవేమో చూడడానికి లాక్టోమీటరు వచ్చినది. వెన్నశాతం తేల్చడానికి 1890లో అమెరికాలో బాబ్‌కాక్, తరువాత స్విట్జర్లాండులో గెర్బర్ పద్ధతులు కనిపెట్టినారు. పాల కేంద్రం వద్ద రైతుకు వెన్నశాతాన్ని బట్టి సొమ్ము ముట్టడానికి మూలం ఈ పరీక్షలే. మన దేశంలో 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కూడా ఈ దృష్టితోనే పాలను చూచినది. “ఇవి మంచి పాలేనా?” అన్నది ఆనాటి ప్రశ్న. ఎలర్జీ బిడ్డ తల్లి అడిగే ప్రశ్న దీనికి పూర్తిగా విలోమం: “ఇందులో పాలు ఉన్నవా?” పాలలో నీటిని వెదికే పరికరం నీటిలో పాలను వెదకలేదు కదా!

రసాయనశాస్త్రం కొంత దూరం సాయం వచ్చినది. 1883లో డెన్మార్కు దేశీయుడు కెల్డాల్ నత్రజనిని కొలిచి తద్ద్వారా మాంసకృత్తుల మొత్తాన్ని అంచనా కట్టే పద్ధతి చూపినాడు. ఇక్కడ మనవాడొకనిని స్మరించుకొనక తప్పదు. 1895లో భీమవరంలో జన్మించి, అమెరికా చేరి, హార్వర్డులో పనిచేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు, తన ఆచార్యుడు ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించినారు. రక్తం, మూత్రం వంటి జీవద్రవాలలోని కొద్దిపాటి భాస్వరం కూడా నీలిరంగుగా కనబడుతుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటా వాడుకలోనికి వచ్చినది. మన కథలోని కేసీను కూడా భాస్వరం గల మాంసకృత్తే. కంటికి కనబడని దానిని కంటికి కనబడే గుర్తుగా మార్చడం అనే విద్యలో ఒక తెలుగువాని చేయి ఆనాడే పడినది.

అయినా ఈ పద్ధతులకు ఒక హద్దు ఉన్నది. అవి “ఎంత?” అన్న ప్రశ్నకు బదులు చెప్పగలవు; “ఎవరిది?” అన్న ప్రశ్నకు చెప్పలేవు. బిస్కట్టులోని నత్రజని గోధుమదా, పాలదా? భాస్వరం కేసీనుదా, మరొకదానిదా? రసాయనం పెదవి విప్పదు. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలది ఒక్కటే: ప్రతిరక్షకం. రోగానికి కారణమైన ఆ గుర్తుపట్టే శక్తినే పరీక్షకు వాడుకొంటే? ఈ ఆలోచనయే చరిత్రకు మలుపు.

1959, 1960 సంవత్సరాలలో న్యూయార్కులో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ ప్రతిరక్షకాలతోపాటు రేడియోధార్మికం చేసిన ఇన్సులిన్‌ను వాడి, రక్తంలోని అత్యల్పమైన ఇన్సులిన్‌ను కొలిచినారు. 1971లో స్టాక్‌హోములో ఈవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మికత అవసరం లేకుండా, ప్రతిరక్షకానికి ఒక ఎంజైము తగిలించి, రంగు మార్పుతో ఫలితం చూపే పద్ధతి కనిపెట్టినారు. దానినే ఎలిసా అంటారు. 1975లో కేంబ్రిడ్జిలో కోయ్‌లర్, మిల్‌స్టైన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే మార్గం చూపినారు. అప్పటి నుండి ఆహారంలో కేసీనుకు, బీటా లాక్టోగ్లోబ్యులిన్‌కు వేరువేరుగా పరీక్ష చేయడం సాధ్యమైనది. కాని ఎలిసాకు ప్రయోగశాల కావలె, నేర్పు గల మనిషి కావలె, గంటల కాలం కావలె. విస్తరి ముందు కూర్చున్న బిడ్డ అంతసేపు ఆగదు.

ఇక్కడ బయోసెన్సర్ రంగప్రవేశం చేస్తుంది. గుర్తుపట్టే ఒక జీవపదార్థం, ఆ గుర్తింపును విద్యుత్తుగానో, వెలుతురుగానో, కంపనంగానో మార్చే ఒక యంత్రభాగం, ఈ రెండూ ఒకచోట అంటిపెట్టుకొని ఉన్న పరికరమే బయోసెన్సర్. దీనికి మూలపురుషుడు అమెరికా దేశపు లీలండ్ క్లార్క్. ఆయన 1956లో రక్తంలోని ప్రాణవాయువును కొలిచే విద్యుద్దండాన్ని ప్రకటించినాడు. 1962లో దాని కొనకు ఒక ఎంజైమును పొరగా అమర్చి, చక్కెరను కొలవవచ్చునని లయన్సుతో కలిసి చూపినాడు. ఈనాడు మధుమేహం గలవారు ఇంటిలో వేలి కొన నుండి రక్తపుబొట్టు తీసి చూచుకొనే చిన్న యంత్రం ఆ వంశంలోనిదే. ఎంజైముకు బదులు ప్రతిరక్షకాన్ని అమర్చితే, చక్కెరకు బదులు పాల మాంసకృత్తు దొరుకుతుంది.

రేడియో వినే ఇంటివారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉన్నది. 1880లో క్యూరీ సోదరులు జాక్, పియేర్, క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. విద్యుత్తు ప్రయోగిస్తే ఆ స్ఫటికం నిలకడగా కంపిస్తుంది. ప్రసార కేంద్రాలు తమకు కేటాయించిన తరంగం నుండి తొలగకుండా చాలాకాలం కాపాడినది ఈ స్ఫటికమే. 1959లో జర్మనీ దేశీయుడు సావర్‌బ్రై మరొక గుణాన్ని లెక్కకట్టి చూపినాడు: స్ఫటికం మీద ఏదైనా పలుచని పొరగా అంటుకొంటే, ఆ బరువుకు తగినట్లుగా దాని కంపనసంఖ్య తగ్గుతుంది. మృదంగం ఎడమ మూతకు రవ్వముద్ద అద్దితే శ్రుతి దిగడం మనమెరుగుదుము, ఇదీ అటువంటిదే. ఆ స్ఫటికం మీద కేసీనును పట్టే ప్రతిరక్షకాలను ముందుగా అంటించి, పైన ఆహారపు రసాన్ని పోస్తారు. అందులో పాలు ఉంటే కేసీను వచ్చి అతుక్కొంటుంది, శ్రుతి దిగుతుంది. పాలు లేకుంటే దిగదు. మన ఇంటికి పాట చేరవేసిన స్ఫటికమే బిడ్డకు అపాయాన్ని కూడా చెప్పగలదన్న మాట.

వెలుతురుతో పనిచేసే విధం మరొకటి. 1983లో స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ నగరంలో లీడ్‌బెర్గ్, నీలాండర్, లుండ్‌స్ట్రోమ్ అతి పలుచని లోహపు రేకు మీద ఈ పని చేసి చూపినారు. గాజు పట్టకం గుండా అటువంటి రేకు అడుగుభాగం మీద వెలుతురు పడినప్పుడు, ఒక నిర్ణీతమైన కోణంలో ప్రతిఫలించే కాంతి హఠాత్తుగా క్షీణిస్తుంది. రేకు పైభాగాన ఏ మాంసకృత్తైనా వచ్చి అంటుకొంటే ఆ కోణం కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుబాటును చూచి ఎంత అంటుకొన్నదో చెప్పవచ్చును. 1990లో బంగారు రేకుతో ఇటువంటి యంత్రం స్వీడన్‌లో అమ్మకానికి వచ్చినది. తరువాతి కాలంలో ఆహారంలోని పాల మాంసకృత్తులను పట్టడానికి కూడా ఈ తెగ యంత్రాలను పరిశోధకులు వాడినారు.

ఇంతకూ ఎంత కొంచెం పాలను పట్టవలె? ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు కూర్చిన నిపుణుల సంఘం ఇటీవల పాల మాంసకృత్తుకు 2 మిల్లీగ్రాములను ఆధారపరిమాణంగా సూచించినది. ఆవుపాల లెక్కన ఇది ఇంచుమించు ఒక్క చుక్క. అంతకు లోబడితే పాలు పడనివారిలో చాలామందికి ఇబ్బంది ఉండదని అంచనా. అందరికీ అని మాత్రం కాదు. ఒక పూట భోజనమంతటిలో ఆ ఒక్క చుక్కను వెదకి పట్టుకొనడమే ఈ పరికరాల పని.

అది చెప్పినంత తేలిక కాదు. పిండి, నూనె, చక్కెర, మసాలా ఇవన్నీ అడ్డు తగులుతవి. వంట వేడికి మాంసకృత్తు తన రూపం మార్చుకొంటుంది. బీటా లాక్టోగ్లోబ్యులిన్ వేడికి త్వరగా మారుతుంది. కేసీను చాలావరకు నిలుస్తుంది. క్యూస్ట్నరుకు పడనిది ఉడికిన చేప అని ముందే చెప్పుకొన్నాము. పచ్చిదానిని గుర్తించే ప్రతిరక్షకం వండినదానిని గుర్తించకపోవచ్చు. అప్పుడు యంత్రం “లేదు” అంటుంది, శరీరం “ఉన్నది” అంటుంది. అబద్ధపు అభయం అభయం లేకపోవడం కంటే ప్రమాదకరం. అందుచేతనే పరిశోధకులు ఒక్క మాంసకృత్తును గాక రెండు మూడింటిని ఒకేమారు వెదికే పరికరాలను నిర్మించజూస్తున్నారు.

మన ప్రాంతంలోనూ ఈ దిశగా పని సాగినది. 2018లో హైదరాబాదు ఐఐటీ పరిశోధకులు పాల కల్తీని పట్టే ఒక సాధనాన్ని ప్రకటించినారు. సన్నని నైలాను పోగులలో మూడు రంగులు చేర్చి కాగితం వంటి పత్రం చేసినారు. దానిని పాలలో ముంచితే ఆమ్లగుణాన్ని బట్టి రంగు మారుతుంది. సెల్‌ఫోను ఆ రంగును చూచి తీర్పు చెబుతుంది. ఇది ఎలర్జీని పట్టేది కాదు, “మంచి పాలేనా?” అన్న పాత ప్రశ్నకు కొత్త జవాబు. కాని ప్రయోగశాలను మనిషి చేతిలోనికి తెచ్చే దారి అదే. ఆ దారిన రెండవ ప్రశ్నకు జవాబు కూడా రావలసి ఉన్నది.

చట్టం ఒక అడుగు ముందుకు వేసినది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం క్రింద 2020లో వెలువడిన లేబుళ్ల నిబంధనలు, పొట్లం కట్టి అమ్మే ఆహారంలో పాలు ఉంటే ఆ సంగతి స్పష్టంగా ముద్రించవలెనని శాసించినవి. పాలతోపాటు గ్రుడ్డు, చేప, వేరుసెనగ, సోయా మొదలైనవీ ఆ జాబితాలో ఉన్నవి. కనుక పొట్లం వెనుక అక్షరాలు చదవడం తల్లిదండ్రుల మొదటి కర్తవ్యం. కాని గోస్పాడు సంతలో కాగితంలో చుట్టి ఇచ్చే మిఠాయికి లేబుల్ ఎక్కడిది? పెండ్లి వంటశాలలో పాయసం కలిపిన గరిటే పులిహోరలోనికి వెళ్లితే ఏ చట్టం చూడగలదు? అక్కడ నేటికీ రక్ష మాటే. “ఈ బిడ్డకు పాలు పడవు” అని తల్లి మొహమాటం లేకుండా చెప్పవలె. విన్నవారు “ఒక్క చుక్కకే ఏమవుతుంది?” అని తేలికగా తీసివేయరాదు. ఆ ఒక్క చుక్కయే కొలమానమని శాస్త్రం చెబుతున్నది. పెదవులు ఉబ్బి ఆయాసం మొదలైతే ఇంటివైద్యంతో కాలయాపన చేయక తక్షణం ఆసుపత్రికి చేర్చవలె.

కుక్క కూలిపోతే గాని, వైద్యుడు తన చర్మాన్ని పణం పెడితే గాని తెలియని రహస్యం, ఈనాడు బంగారు రేకు మీద, స్ఫటికపు శ్రుతిలో పలుకుతున్నది. “పడదు” అనే తీర్పు శరీరాన్ని బాధించకుండా వెలువడడం నేర్చుకొన్నది. ఆ తీర్పు ప్రయోగశాల గడప దాటి, ఆ పెండ్లి పంక్తి దాకా, బిడ్డ మొదటి ముద్ద నోట పెట్టుకొనక ముందే చేరిననాడు ఈ చరిత్ర పరిపూర్ణమవుతుంది.